ఎనిమిది బాణాల లెక్క

ఆన్‌లైన్ రోల్ ప్లేయింగ్ ఆటల్లో విలుకాడి పాత్ర ఎంచుకున్న ఎవరికైనా మొదటి వారంలోనే ఒక సంగతి తెలిసొస్తుంది. కత్తివీరుడికి ఇనప కవచం, డాలు ఉంటాయి. మంత్రగాడికి నిప్పూ మంచూ ఉంటాయి. విలుకాడికి ఉండేది తోలు చొక్కా, ఒక విల్లు. రాక్షసుడు మీదికొచ్చి నాలుగు దెబ్బలు వేశాడంటే ఆట ముగిసినట్టే. జట్టులో ఉంటే ఆ దెబ్బలు కాచుకోవడానికి ముందు ఇంకెవరో నిలబడతారు. ఒంటరిగా అడవిలోకి దిగినప్పుడు మాత్రం విలుకాడికీ రాక్షసుడికీ మధ్య ఉండేది ఖాళీ నేల ఒక్కటే.

ఈ అధ్యాయం ఆ ఖాళీ నేల గురించి. దాన్ని గజాల్లో కొలుస్తాం కానీ, అది ఖర్చయ్యేది సెకన్లలో. కామారెడ్డిలోనో ఎల్లారెడ్డిలోనో రాత్రి భోజనాలయ్యాక తెర ముందు కూర్చుని విలుకాణ్ని పరుగెత్తించే కుర్రాడు, తెలిసో తెలియకో, దూరాన్ని కాలంగా మార్చే లెక్క చేస్తుంటాడు. ఆ లెక్క బాగా వచ్చినవాడు తనకన్నా ఎన్నో లెవెళ్లు పైనున్న రాక్షసుణ్ని కూల్చేస్తాడు. రానివాడు ఎంత ఖరీదైన విల్లు పట్టినా తోలు చొక్కాతో దెబ్బలు తింటూనే ఉంటాడు.

నిలబడితే రెండు

ముందు అంకెలు పెట్టుకుందాం. 2004లో వచ్చిన ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’లో పాత్రలు సెకనుకు 7 గజాల వేగంతో పరుగెత్తుతాయి. ఆ ఆట తొలి రోజుల్లో వేటగాడి బాణం 35 గజాల దూరం పోయేది. చేతికి చిక్కాలంటే 5 గజాల లోపలికి రావాలి. కాబట్టి రాక్షసుడు దాటాల్సిన ఖాళీ నేల 30 గజాలు. రాక్షసుడి వేగం కూడా 7 గజాలే అనుకుందాం. విల్లుకు రెండున్నర సెకన్లకు ఒక బాణం, ఆ బాణం వదలడానికి అర సెకను కదలకుండా నిలబడాలి. ఆ అర సెకను నా ఊహ కాదు. పాత వార్‌క్రాఫ్ట్ విల్లుకు ఆ నియమం నిజంగానే ఉండేది.

విలుకాడు ఉన్నచోటే నిలబడి కొడుతున్నాడు. 30 గజాలు దాటడానికి రాక్షసుడికి నాలుగు సెకన్ల పైచిలుకు పడుతుంది. మొదటి బాణం అర సెకనుకు, రెండోది మూడో సెకనుకు పోతాయి. మూడోది అయిదున్నర సెకన్లకు పోవాలి, అప్పటికే రాక్షసుడు మీదున్నాడు. మొత్తం రెండు బాణాలు.

మైదానంలోని విలువిద్యతో పోల్చితే ఇది కూడా ఎక్కువే. రికర్వ్ పోటీల్లో లక్ష్యం 70 మీటర్ల దూరంలో ఉంటుంది. మధ్యలో పది పాయింట్ల వలయం వ్యాసం 12.2 సెంటీమీటర్లు. కాంపౌండ్ పోటీల్లో దూరం 50 మీటర్లు, పది పాయింట్ల వలయం 8 సెంటీమీటర్లు. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచిన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖది ఈ రెండో రకం విల్లు. ఇద్దరు ఎదురెదురు తలపడే మ్యాచ్‌లో ఒక్కో బాణానికి 20 సెకన్ల గడువు ఉంటుంది. సెకనుకు 7 మీటర్లు పరుగెత్తే మృగం ఆ 20 సెకన్లలో 140 మీటర్లు వచ్చేస్తుంది. అంటే రికర్వ్ లక్ష్యం ఉన్న దూరానికి రెండింతలు. మైదానంలో లక్ష్యం పరుగెత్తుకు రాదు కాబట్టి అక్కడ గురి ముఖ్యం. ఆటలో గురిని చాలావరకు కంప్యూటరే చూసుకుంటుంది. ఆటగాడి చేతిలో మిగిలేది కాళ్లు.

పరుగెత్తితే ఎనిమిది

ఇప్పుడు అదే విలుకాడు బాణం వదలగానే వెనుదిరిగి పరుగెత్తుతాడు. రెండు సెకన్ల పరుగు, అర సెకను ఆగి బాణం, మళ్లీ రెండు సెకన్ల పరుగు. ఆటగాళ్లు దీన్ని కైటింగ్ అంటారు.

ఒక్కో విడతలో విలుకాడు పరుగెత్తేది 14 గజాలు. ఆగకుండా వచ్చే రాక్షసుడు దాటేది పదిహేడున్నర గజాలు. అంటే విడతకు మూడున్నర గజాలు మాత్రమే పోతున్నాయి. 30 గజాల ఖాళీ నేల ఎనిమిది విడతల దాకా సరిపోతుంది. తొమ్మిదో బాణానికి ఆగినప్పుడు దొరికిపోతాడు. విల్లు మారలేదు, బాణం మారలేదు, రాక్షసుడి వేగమూ తగ్గలేదు. రెండు బాణాలు ఎనిమిదయ్యాయి. బాణానికీ బాణానికీ మధ్య ఊరికే పోయే రెండు సెకన్లకు పని దొరకడం వల్ల ఈ లాభం వచ్చింది.

ఈ లెక్కలో దాగిన సూత్రాన్ని ఒక్క ముక్కలో చెప్పొచ్చు: ఒక విడతలో ఎంత భాగం పరుగెత్తగలవో, శత్రువు వేగం నీ వేగంలో అంత భాగం మించకపోతే అతను నిన్ను ఎప్పటికీ పట్టుకోలేడు. రెండున్నర సెకన్లలో రెండు సెకన్లు పరుగు. అంటే నూటికి ఎనభై. శత్రువు వేగాన్ని అయిదో వంతు తగ్గించగలిగితే చాలు, పోరు ఎంతసేపైనా సాగుతుంది. వేగాన్ని సగానికి తగ్గించే బాణం మీద ఆటగాళ్లు మోజు పడతారు కానీ, ఎనభైకి దిగువన తగ్గించిందంతా ఊపిరి పీల్చుకునే వెసులుబాటు మాత్రమే.

అదే సూత్రం ఇంకో సంగతీ చెబుతుంది. కొన్ని పెద్ద దెబ్బలకు ఒకటిన్నర సెకను నిలబడి గురి చూడాలి. అప్పుడు పరుగుకు మిగిలేది ఒక్క సెకను, అంటే నూటికి నలభై. శత్రువు వేగం అంతకు పడిపోతే తప్ప ఆ దెబ్బతో కైటింగ్ కుదరదు. అందుకే అనుభవమున్నవాళ్లు పెద్ద బాణాన్ని పోరు మొదట్లో, రాక్షసుడు ఇంకా కదలకముందే వదులుతారు. ఆ తర్వాత చిన్న బాణాలతోనే కానిస్తారు.

పాత వార్‌క్రాఫ్ట్ వేటగాడి దగ్గర శత్రువు వేగాన్ని సగానికి తగ్గించే ‘కంకసివ్ షాట్’ ఉండేది. దాని ప్రభావం 4 సెకన్లు. మళ్లీ వాడాలంటే 12 సెకన్లు ఆగాలి. పన్నెండు సెకన్లలో నాలుగు సెకన్లు సగం వేగం, మిగతా ఎనిమిది పూర్తి వేగం. మన లెక్కలోని రాక్షసుడు ఆ 12 సెకన్లలో 70 గజాలు వస్తాడు. ఆగుతూ పరుగెత్తే విలుకాడు 67 గజాలు పోతాడు. నష్టం మూడు గజాలకు లోపే. ఆ ఒక్క బాణంతో 30 గజాల నేల రెండు నిమిషాల పైన వస్తుంది. రెండు నిమిషాలంటే యాభైకి దగ్గరగా బాణాలు.

ఈ విద్యకు ఆ ఆటలోనే ఒక పరీక్ష ఉండేది. రోక్‌డెలార్ అనే విల్లు కావాలంటే వేటగాడు నాలుగు చోట్ల నలుగురు రాక్షసులను ఒంటరిగా చంపాలి. స్నేహితుడెవరైనా ఒక చెయ్యి వేశాడా, రాక్షసుడు మాయమైపోతాడు. కవచం కొని గెలిచే పోరు కాదది. నడకా ఆగడమూ లెక్క తప్పకుండా ఉన్నవాడికే ఆ విల్లు దక్కేది.

తెర మీద ఇది వేళ్లతో ఎలా జరుగుతుందో దగ్గరగా చూస్తే, ఒక చిన్న కసరత్తులా ఉంటుంది. కొన్ని బాణాలకు అర సెకను కూడా ఆగనక్కర్లేదు. కానీ లక్ష్యం వైపు తిరగాలి. వెనక్కి నడుస్తూ కొడదామంటే ఆ ఆటలో వెనక నడక వేగం సెకనుకు నాలుగున్నర గజాలే, కొంప మునుగుతుంది. అందుకని ఆటగాడు ముందుకు పరుగెత్తుతూ స్పేస్ బార్ నొక్కి ఎగురుతాడు. పాదాలు గాల్లో ఉండగా మౌస్‌ను ఒక్క విసురుతో వెనక్కి తిప్పుతాడు. బాణం మీట నొక్కుతాడు. నేల తాకేలోగా మౌస్‌ను మళ్లీ ముందుకు తిప్పేస్తాడు. గాల్లో ఉన్న పాత్ర ఎటు తిరిగినా ఎగిరిన దిక్కుకే పోతూ ఉంటుంది కాబట్టి, పరుగులో ఒక్క గజం కూడా తగ్గదు.

చరిత్రలో ఈ పని గుర్రాల మీద జరిగింది. క్రీ.పూ. 53లో కార్హే దగ్గర రోమన్ సేనాని క్రాసస్ కాల్బలం పార్థియన్ అశ్వికుల చేతిలో చితికిపోయింది. వాళ్లు దగ్గరికి రారు. తరిమితే పారిపోతారు, పారిపోతూనే జీనులో వెనుదిరిగి బాణం వేస్తారు. వాళ్ల అమ్ములు ఎప్పటికైనా అయిపోతాయని రోమన్లు ఆశపడ్డారు. ఒంటెల మీద మోపులకు మోపులు కొత్త బాణాలు రావడం చూశాక ఆ ఆశా పోయింది. వార్‌క్రాఫ్ట్‌లోనూ వేటగాళ్లు అమ్ములు కొని మోసుకు తిరగాల్సిన అవసరం 2010 దాకా ఉండేది.

గుండ్రంగా పోవడం ఎందుకు

తిన్నగా పరుగెత్తితే రెండు చిక్కులు. ఒకటి, ముందున్న పొదల్లోంచి ఇంకో రాక్షసుడు లేస్తాడు. రెండు, చాలా ఆటల్లో రాక్షసుడికి ఒక హద్దు ఉంటుంది. తన చోటు నుంచి మరీ దూరం లాక్కుపోతే వెనుదిరిగి వెళ్లిపోయి, ఒంట్లోని గాయాలన్నీ మాన్చుకుంటాడు. అప్పటిదాకా వేసిన బాణాలు వృథా. కాబట్టి ఒంటరి విలుకాడు ఖాళీ చేసిన ఒక మైదానంలో గుండ్రంగా తిరుగుతాడు.

తరిమేవాడు ప్రతి క్షణం పారిపోతున్నవాడి వైపే తిరిగి పరుగెత్తితే ఏ దారి గీస్తాడన్న ప్రశ్నను ఫ్రెంచ్ శాస్త్రవేత్త పియేర్ బూగే 1732లో గణితంగా పరిశీలించాడు. ఆయన తీసుకున్న ఉదాహరణ, వర్తకుల ఓడను తరిమే దొంగల ఓడ. ఆట రాక్షసుడికి అంతకు మించి తెలివి ఉండదు. విలుకాడు ఎక్కడుంటే అటే వస్తాడు, ఎక్కడికి పోబోతున్నాడో ఊహించడు.

ముందున్నవాడు వృత్తంలో తిరుగుతూ, వెనకున్నవాడి వేగం తక్కువైతే, కొంతసేపటికి వెనకున్నవాడు లోపల ఒక చిన్న వృత్తంలో కుదురుకుంటాడు. రెండు వృత్తాల వ్యాసార్ధాల నిష్పత్తి రెండు వేగాల నిష్పత్తే. విలుకాడి సగటు వేగం 10, రాక్షసుడిది 8 అనుకుందాం. విలుకాడు 20 గజాల వ్యాసార్ధంతో తిరిగితే రాక్షసుడు 16 గజాల వృత్తంలో తిరుగుతూ ఉండిపోతాడు. ఇద్దరి మధ్య దూరం 12 గజాల దగ్గర నిలిచిపోతుంది. పైథాగరస్ త్రిభుజం ఇక్కడ ప్రత్యక్షం: 12, 16, 20. వృత్తాన్ని 8 గజాలకు కుదిస్తే ఆ దూరం అయిదు గజాల లోపుకు పడిపోయి చేతికి చిక్కుతాడు. గుండ్రంగా తిరగడం తెలిసినా, చిన్న సున్నా చుట్టినవాడు ఓడిపోయేది అందుకే.

గోడ కింద గుడ్డి నేల

దగ్గరితనం విలుకాడికి ఇంకో రకంగానూ ప్రమాదం. పాత వార్‌క్రాఫ్ట్‌లో శత్రువు 8 గజాల లోపలికి వస్తే విల్లు పనిచేసేది కాదు. చేతి ఆయుధం 5 గజాల వరకే అందేది. మధ్యనున్న మూడు గజాల్లో శత్రువు నిలబడితే వేటగాడు ఏమీ చేయలేడు. ‘డెడ్ జోన్’ అని దాన్ని తిట్టుకునేవారు. 2012లో ఆ కనీస దూరం నిబంధననే ఎత్తేశారు.

కోటలు కట్టినవాళ్లకు ఈ గుడ్డి నేల ఎప్పుడో తెలుసు. గోడ పైనుంచి బాణం వేసేవాడికి సరిగ్గా గోడ మొదట్లో నిలబడ్డవాడు కనబడడు. చదరపు బురుజుకైతే మూల వెనక ఇంకొంత గుడ్డి నేల మిగులుతుంది. తెలంగాణ ఊళ్లలో కనిపించే బురుజులు గుండ్రంగా ఉండటానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. గుండ్రటి గోడ వెనక దాక్కునే మూల ఉండదు.

ఆటలో ఇదే బురుజు విలుకాడికి తిరగేసి పనికొస్తుంది. ఎదుటివాడూ దూరం నుంచి కొట్టేవాడైతే, అంటే మంత్రగాడో ఇంకో విలుకాడో అయితే, ఖాళీ నేల ఇద్దరిదీ. దూరం వల్ల మనకు పైచేయి రాదు. అప్పుడు ఒక స్తంభం చాటుకు పోవాలి. చూపు తెగితే మంత్రం ఆగుతుంది. శత్రువు మనల్ని వెతుక్కుంటూ స్తంభం దాకా వస్తాడు. అలా వచ్చినవాణ్ని మన దూరంలో, మన సమయంలో కొట్టొచ్చు.

జింక ఎప్పుడు లేస్తుంది

పరుగు ఎప్పుడు మొదలుపెట్టాలో జింకను చూసి నేర్చుకోవచ్చు. ఎల్లారెడ్డి నుంచి నాగిరెడ్డిపేట మీదుగా మెదక్ వైపు పోతే పోచారం అభయారణ్యం వస్తుంది. చుక్కల జింకలు, మనుబోతులు, కొండగొర్రెలు తిరిగే చోటు. మేస్తున్న జింక మనిషిని చూసిన మరుక్షణమే పారిపోదు. తల ఎత్తుతుంది, చెవులు నిక్కిస్తుంది, మళ్లీ గడ్డి కొరుకుతుంది. ఒక దూరం దాటి దగ్గరికొస్తేనే లేస్తుంది. స్విస్ జంతుశాస్త్రవేత్త హైనీ హెడిగర్ 1930ల్లో ఈ పలాయన దూరం మీద ప్రపంచం దృష్టి మళ్లించాడు. 1986లో ఇడెన్‌బర్గ్, డిల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దానికొక ఆర్థిక వివరణ ఇచ్చారు. పారిపోవడానికి ఖర్చుంది. మేత పోతుంది, శక్తి పోతుంది. ఉండిపోవడం వల్ల వచ్చే ప్రమాదం ఆ ఖర్చుతో సమానమైన చోట జంతువు లేస్తుంది. చూసిన చోట కాదు.

కొత్త విలుకాడు చేసే తప్పును ఈ సిద్ధాంతం సరిగ్గా పట్టిస్తుంది. రాక్షసుడు కదలగానే పరుగు లంకించుకుంటాడు. నిలబడి వేసే పెద్ద బాణాలు ఉన్నప్పుడు, దూరం ఎక్కువగా ఉన్న ఆ మొదటి క్షణాలే వాటికి అనువైనవి. అప్పుడు ఆగితే కొంత నేల పోతుంది కానీ దెబ్బ తగలదు. మరీ ఆలస్యం చేస్తే మొదటి దెబ్బ తింటాడు. పాత వార్‌క్రాఫ్ట్‌లో వేగాన్ని నూటికి 30 పెంచే ‘చీతా’ విద్య ఉండేది. అది వేసుకుని పరుగెత్తేటప్పుడు ఒక్క దెబ్బ తగిలినా కాళ్లు తడబడి వేగం పడిపోయేది. ఆలస్యానికి వడ్డీతో సహా వసూలు చేసే ఏర్పాటది.

ఎల్లారెడ్డి నుంచి సింగపూర్ దాకా

ఇప్పటిదాకా చేసిన లెక్క, ఆట కంప్యూటర్ మన పక్కనే ఉన్నట్టు చేసింది. నిజానికి ఆట జరిగేది ఎక్కడో ఉన్న సర్వర్‌లో. మన తెర మీద కనిపించేది కొంచెం పాతబడిన వార్త. ఈ ఆలస్యాన్ని పిల్లలు పింగ్ అంటారు, అది పెరిగితే ల్యాగ్ అంటారు.

కామారెడ్డికీ ఎల్లారెడ్డికీ మధ్య సుమారు 40 కిలోమీటర్లు. గాజు తీగలో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. ఆ నలభై కిలోమీటర్లకు పట్టేది సెకనులో అయిదువేల వంతు. కాబట్టి కామారెడ్డివాడికన్నా ఎల్లారెడ్డివాడు దూరం వల్ల వెనకబడటం జరగదు. సర్వర్ సింగపూర్‌లో ఉందనుకుందాం. హైదరాబాద్ నుంచి అక్కడికి సుమారు 3,300 కిలోమీటర్లు. పోయి రావడానికి కాంతికే 33 మిల్లీసెకండ్లు కావాలి. తీగలు తిన్నగా పోవు, మధ్యలో మజిలీలుంటాయి కాబట్టి వాస్తవంలో ఇంకా ఎక్కువ. అయినా 100 మిల్లీసెకండ్లలో రాక్షసుడు కదిలేది ముప్పాతిక గజం లోపే. దానితో బతకొచ్చు.

ప్రాణం తీసేది ఆ పింగ్ నిలకడగా లేకపోవడం. సాయంత్రం ఒకే టవర్ మీద ఊరంతా వీడియోలు చూస్తుంటే, మన ఫోన్ పంపిన చిన్న సందేశం తన వంతు కోసం వేచి ఉంటుంది. దారిలో చెడిపోతే మళ్లీ వెళ్లాలి. అలా ఒక్కోసారి ఆలస్యం 600 మిల్లీసెకండ్లకు ఎగబాకుతుంది. ఆ వ్యవధిలో రాక్షసుడు నాలుగు గజాల పైన వచ్చేస్తాడు. తెర మీద 9 గజాల దూరంలో కనిపిస్తున్నవాడు సర్వర్ లెక్కలో అప్పటికే చెయ్యి అందే దూరంలో ఉంటాడు. కాబట్టి ఎంత ఎడం ఉంచాలో నిర్ణయించేటప్పుడు సగటు పింగ్ చూస్తే మోసపోతాం. ఆ సాయంత్రం కనిపించిన అతి చెడ్డ పింగ్‌ను శత్రువు వేగంతో గుణించి, వచ్చిన గజాలను చేతి దూరానికి కలుపుకోవాలి.

ల్యాగ్ ఇంకోచోట కూడా కోత పెడుతుంది. బాణం పోయినట్టు తెర మీద కనిపించేదాకా ఆగేవాడికి, 300 మిల్లీసెకండ్ల పింగ్ ఉంటే, అర సెకను నిలబడటం కాస్తా 0.8 సెకన్లవుతుంది. పరుగుకు మిగిలేది 1.7 సెకన్లు. నూటికి ఎనభై అనుకున్న హద్దు అరవై ఎనిమిదికి దిగిపోతుంది. అయిదో వంతు తగ్గిస్తే చాలనుకున్న శత్రువు వేగాన్ని ఇప్పుడు మూడో వంతు దాకా తగ్గించాల్సొస్తుంది. దీనికి విరుగుడు కళ్లను నమ్మకపోవడం. ఆగి, మనసులో అర సెకను లెక్కపెట్టి, బాణం కనిపించినా కనిపించకపోయినా కదిలిపోవాలి. మంచి నెట్ లేని ఊళ్లో ఆడి నేర్చుకున్న విలుకాళ్లకు ఈ తాళజ్ఞానం బాగా అబ్బుతుంది.

ఒకరికి మించితే

ఇద్దరు ముగ్గురు ఒకేసారి తరిమితే మన సూత్రంలో శత్రువు వేగం అంటే వాళ్లలో అందరికన్నా వేగమైనవాడి వేగం. అందుకని మొదటి బాణాలు బలవంతుడికి కాక వేగమైనవాడికి వేయాలి. ఇంకొక వెసులుబాటు ఉంది. అందరూ ఒకే మనిషి వైపు వస్తారు కాబట్టి, నాలుగు దిక్కుల నుంచి మొదలైనవాళ్లు కూడా కొద్దిసేపటికి ఒకే వరసలోకి వస్తారు. అప్పుడు దారిలో ఒక ఉచ్చు పెడితే ముందున్నవాడు తగులుకుంటాడు. జొన్న చేలో మంచె మీద నిలబడి వడిసెల తిప్పే మనిషి ఎగిరే పిట్టను గురి చూడడు. తాడు చివరి ముడి వేలికి తగిలించుకుని, రెండో కొస బొటనవేలితో నొక్కిపట్టి, రెండు చుట్లు తిప్పి, గుంపు వాలబోయే కంకుల పైకి రాయి వదులుతాడు. ఉచ్చు పెట్టే చోటు కూడా అలాంటిదే. శత్రువు ఉన్నచోటు మీద కన్నుపడితే ఆలస్యమైపోయినట్టే.

ఇంత లెక్క తెలిసిన విలుకాడు ఎవరికీ ఓడనక్కర్లేదు. ఆటలు తయారుచేసేవాళ్లకూ ఆ సంగతి తెలుసు. అందుకే ఒక రాక్షసుడికి మీదికి దూకే గుణం ఇస్తారు, ఖాళీ నేల ఒక్క క్షణంలో మాయం. ఒకడికి వల విసిరే చెయ్యి ఇస్తారు, మన వేగం సున్నా. ఒకడికి హద్దు దగ్గరగా గీస్తారు, మన వృత్తం కుదించుకుపోతుంది. ఇంకొకడికి వేగం తగ్గించే బాణాలు తగలవు. కొత్త రాక్షసుడి చేతిలో చచ్చి లేచిన ప్రతిసారీ విల్లు మార్చాలనిపించడం సహజం. దానికన్నా ముందు చూసుకోవాల్సినది, మన వేగం, అతని వేగం, నిలబడే సమయం, మధ్యనున్న నేల, ఈ నాలుగు అంకెల్లో అతను దేన్ని మార్చాడన్నది. మారిన అంకె దొరికితే మిగతా మూడింటితో సరిచేసుకోవచ్చు.